ఫసలీ, హాలీ, నాగు: మన పుస్తకాలు చదివే తీరు

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వెనక వరుసలో కూర్చున్న విద్యార్థులు కొంచెం ముందుకు రండి, ఇవాళ లెక్కలు కూడా చెప్పుకోబోతున్నాం.

ఈ మధ్య చదివి ముగించిన పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. ఐదు పుస్తకాలు, ఐదూ మన నేల ముచ్చట్లే. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’, రావి నారాయణరెడ్డి గారి పోరాట జ్ఞాపకాలు, పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర, స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. వీటికి మార్కులు వేసే పని పెట్టుకోను. మీలో చాలామంది వీటిలో ఒకటో రెండో మొదలుపెట్టి, నలభై యాభై పేజీల దగ్గర ఆపేసి ఉంటారు. తప్పు మీది కాదు. ఆ రాసినవాళ్లు తమ కాలపు మనుషుల కోసం రాశారు. ఫసలీ అంటే ఏమిటి, హాలీ రూపాయి విలువెంత, మాలీ పటేలు పనేమిటి అన్నది అప్పటి పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మనకు చెప్పాలి. కాబట్టి ఈ పుస్తకాలను ఒక్కొక్కటిగా, నవల చదివినట్టు గడగడా చదివితే పైపై కథ మిగులుతుంది. పెన్సిలుతో లెక్క వేసుకుంటూ, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టుకుని చదివితే లోపలి ఊరు కనిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు ఫసలీ సంగతి. నిజాం సర్కారు కాగితాల్లో, ఆ కాలపు మనుషుల నోట, సంవత్సరం అంటే ఫసలీ. ఇప్పటికీ పాత పహాణీ, అంటే భూమి సాగు లెక్కల కాగితం, నకలు తెచ్చుకున్న రైతు ఇంట్లో ఆ అంకె కనిపిస్తుంది. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో మొదలయ్యేది, అంటే మన లెక్కలో అక్టోబరు 6 ప్రాంతం. ఫసలీ నుంచి క్రీస్తు శకానికి రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి మళ్లీ అక్టోబరు మొదటి వారం దాకా 591 కలపాలి. చాలామంది ‘590 కలిపితే చాలు’ అని బట్టీ పట్టి ఒక ఏడాది తప్పుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది 1327 ఫసలీలో. 590 కలిపితే 1917 వస్తుంది. కాని తరగతులు మొదలైంది 1918 ఆగస్టులో. ఆగస్టు కాబట్టి 591 కలపాలి, అప్పుడు సరిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మద్రాసు రాజ్యంలోనూ ఫసలీ ఉండేది. అక్కడ అది జూలై 1న మొదలయ్యేది. ఇప్పుడు కాగితం తీసి లెక్క వేయండి. సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగింది 1946 జూలై 4. మన హైదరాబాదు ఫసలీలో అది 1355, ఎందుకంటే 1356 మొదలు కావడానికి ఇంకా మూడు నెలలుంది. అదే రోజు కృష్ణ అవతల మద్రాసు ఫసలీలో 1356, ఎందుకంటే అక్కడ మూడు రోజుల క్రితమే కొత్త ఏడు వచ్చేసింది. ఒకే రోజు, రెండు అంకెలు. రెండు పుస్తకాల్లో రెండు ఫసలీలు కనిపించగానే ఎవరో ఒకరు తప్పు రాశారని కొట్టేయకండి. రాసినవారు ఏ ఒడ్డు నుంచి రాశారో చూడండి. జూలై నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఉన్న మూడు నెలలే ఈ తిరకాసు. మిగతా తొమ్మిది నెలలూ రెండు లెక్కలూ కలుస్తాయి.

తేదీ తర్వాత చోటు. ఈ పుస్తకాల్లో ‘నల్లగొండ జిల్లా’ అని కనిపించిన ప్రతిచోటా ఇప్పటి నల్లగొండను ఊహించుకుంటే ముందుకు సాగలేరు. అప్పటి నల్లగొండలో భువనగిరి ఉంది, సూర్యాపేట ఉంది, హుజూర్‌నగర్ ఉంది, జనగామ కూడా ఉంది. జనగామ తాలూకా 1953లో వరంగల్లుకు పోయింది. కడవెండి, విసునూరు, పాలకుర్తి అన్నీ ఆ తాలూకావే. 2016 అక్టోబరు 11న మిగిలిన నల్లగొండ మూడు ముక్కలైంది. పాలమూరూ అంతే. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అని నాలుగైంది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడి ఐదైంది. చేయాల్సిన పని సులువు. పుస్తకం అట్ట లోపల ఒక ఖాళీ కాగితం అంటించండి. ఊరి పేరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా అని నాలుగు గీతలు గీయండి. ఊరు వచ్చినప్పుడల్లా ఒక వరుస నింపండి. ఇరవై వరుసలు నిండేసరికి ఆ పోరాటం ఏ వాగు వెంట, ఏ రోడ్డు వెంట నడిచిందో తెలియడం మొదలవుతుంది.

ఇక డబ్బు. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉంది, హాలీ సిక్కా. బ్రిటిషు వాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్. సర్కారు రాత ప్రకారం నూరు కల్దార్‌కు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. పుస్తకంలో 70 రూపాయల అప్పు అని ఉంటే, అది హాలీ అయితే కల్దార్‌లో 60 మాత్రమే. బెజవాడ మార్కెట్ ధరను సూర్యాపేట ధరతో పోల్చాలంటే ఈ మెట్టు దిగాల్సిందే. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుము రూపాయి ఉండేది, 1940ల్లో అది నాలుగణాలకు దిగింది. చిన్న మార్పులా కనిపిస్తుంది కాని నాలుగో వంతుకు దిగిందన్నమాట. వకీళ్లు, పట్టణపు చదువరులు ఉన్న సభలోకి ఎవుసం చేసేవాళ్లు, జీతగాళ్లు ఎట్లా వచ్చారో చెప్పే అంకె అది.

ధాన్యం లెక్క దీనికంటే కష్టం, కాని అసలు కథంతా దానిలోనే ఉంది. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఇవన్నీ కొలత పాత్రలు, తూకం రాళ్లు కావు. ఒకే తూములో వడ్లు పోస్తే ఒక బరువు, జొన్నలు పోస్తే ఇంకో బరువు. కాబట్టి పుట్టిని కిలోల్లోకి మార్చి చూపించే వాళ్లను నమ్మకండి, ఏ గింజ అని అడగండి. అదీగాక కుంచం ఊరికో తీరు.

నాగు అనే మాట ఈ పుస్తకాల్లో పదేపదే వస్తుంది. నోటికి గింజలు లేని కాలంలో దొర దగ్గరో షావుకారు దగ్గరో ధాన్యం అప్పు తెచ్చుకుని, కోతలయ్యాక సగం కలిపి తిరిగి కొలవడమే నాగు. పుట్టి తెస్తే పుట్టిన్నర, అంటే ఇరవై తూములకు ముప్పై. చదివేటప్పుడు చాలామంది దీన్ని ‘యాభై శాతం వడ్డీ’ అని రాసుకుని పేజీ తిప్పుతారు. ఆగండి. అప్పు తెచ్చింది ఎప్పుడు? వానాకాలం మొదట్లో. కట్టింది ఎప్పుడు? కోతలకు. మధ్యలో ఉన్నది ఐదారు నెలలే. అంటే ఏడాదికి లెక్కేస్తే యాభై కాదు, దానికి రెట్టింపు. ఇంకోటి, అప్పు తెచ్చిన రోజుల్లో గింజ ప్రియం, తిరిగి కొలిచిన రోజుల్లో కల్లాల నిండా ధాన్యం, గింజ అగ్గువ. కాబట్టి డబ్బుగా చూస్తే దొరకు వచ్చే లాభం తగ్గినట్టు కనిపిస్తుంది. కాని దొర దాన్ని అప్పుడు అమ్మడు, గరిసెల్లో పోసి మళ్లీ వానాకాలానికి తీస్తాడు. ఇచ్చేటప్పుడు కుంచం అంచుకు చదును చేసి కొలవడం, తీసుకునేటప్పుడు గోపురం లేచేదాకా పోయడం, ఇది వేరే. పుస్తకంలో ఒక్క వాక్యంలో వెళ్లిపోయే మాటలో ఇంత ఉంది. నాగు అర్థమైతే లెవీ ధాన్యం, అంటే సర్కారు బలవంతంగా వసూలు చేసే ధాన్యం, గొడవ ఎందుకంత రగిలిందో అర్థమవుతుంది. నాగు కట్టగా మిగిలిన రాశి మీదికే లెవీ వచ్చి పడేది, దొరల రాశులు మాత్రం లెక్కకు దొరికేవి కావు.

ఈ మూడూ, ఫసలీ, హాలీ, నాగు, చేతిలో పట్టుకుని ‘ప్రజల మనిషి’ తెరవండి. ఆళ్వారుస్వామి గారు మన నకిరేకల్ వైపు మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవారు. నవలలో ఊరు దిమ్మెగూడెం, దొర రామభూపాలరావు, కథానాయకుడు కంఠీరవం. చదివేటప్పుడు పాత్రల కంటే ముందు పదవుల మీద గీత గీయండి. పట్వారీ భూమి లెక్కలు రాస్తాడు, మాలీ పటేలు శిస్తు వసూలు చేస్తాడు, పోలీసు పటేలు నేరం కబురు ఠాణాకు చేరవేస్తాడు. ఈ ముగ్గురి చేతుల్లోనే కాగితం ఉంది. ఊళ్లో ఎవరి భూమి ఎవరి పేరు మీదికి పోయినా ఈ మూడు చేతుల్లో ఏదో ఒకటి కదలాల్సిందే. నవలలో దొర అరుపులు చూసి అక్కడే ఆగిపోతాం, కాని నష్టం చేసేది పట్వారీ కలం. ఒక్కో సంఘటన పక్కన ‘కాగితం ఎవరిది’ అని రాసుకుంటూ పోతే నవల అల్లిక బయటపడుతుంది.

నవలను నవలగానే చూడాలన్నది కూడా మరచిపోవద్దు. దిమ్మెగూడెం పటంలో దొరకదు. అక్కడ జరిగింది అచ్చంగా ఫలానా ఊళ్లో జరిగిందని వాదించడం దండగ. నా లెక్కలో దాని బలం ఇంకోచోట ఉంది. సాయుధ పోరాటానికి ముందటి కాలాన్ని, అంటే అర్జీలు, గ్రంథాలయాలు, సభల కాలాన్ని అంత నిదానంగా చూపించిన నవలలు తక్కువ. తుపాకులు రాకముందు ఏముండేదో తెలియకపోతే తుపాకులెందుకు వచ్చాయో తెలియదు. దీని తరువాయి ‘గంగు’ను ఆయన పూర్తి చేయకుండానే 1961లో కన్నుమూశారు. అర్ధాంతరంగా ఆగిన పుస్తకం అయినా వెంటనే చదవండి, కథ ఆగిపోయిన చోట ఆయన ఎక్కడికి తీసుకుపోవాలనుకున్నారో జాడలున్నాయి.

రావి నారాయణరెడ్డి గారి పుస్తకం, సుందరయ్య గారి పుస్తకం. రెండింటి పేర్లలోనూ ‘వీర తెలంగాణ’ ఉంది కాబట్టి గ్రంథాలయంలో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు. రచయిత పేరు చెప్పి అడగండి. ఈ రెండింటినీ విడివిడిగా చదవడం నా దృష్టిలో పాఠకుడు చేసుకునే పెద్ద నష్టం. ఇద్దరూ ఒకే పోరాటంలో ఉన్నవాళ్లు, ఒకే పార్టీ వాళ్లు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక పోరాటం కొనసాగించడం సరైనదా కాదా అన్న దగ్గర దారులు విడిపోతాయి. విరమణ 1951 అక్టోబరు 21న జరిగింది. ఆ మధ్య మూడేళ్ల అధ్యాయాలను రెండు పుస్తకాల్లోంచీ ఒకే వారంలో చదవండి. ఎవరు ఏ సంఘటనను పేజీల కొద్దీ చెప్పారు, ఎవరు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశారు అని పట్టిక వేయండి. వాదన కంటే ఆ దాటవేతలే ఎక్కువ చెబుతాయి. తేదీల వరుస కూడా పక్కన ఉంచుకోండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడగ్గా వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చారు. అక్కడి నలభై దళిత కుటుంబాలు అడిగింది ఎనభై ఎకరాలు, ఇంటికి రెండు. పోరాటం ఆగడానికి ఆరు నెలల ముందటి మాట ఇది. భూదానం పోరాటం ముగిశాక వచ్చిందని చాలామంది అనుకుంటారు, కాదు.

సుందరయ్య గారి అంకెలు పెద్దవి. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది ప్రాణాలు. పెద్ద అంకె చూసి తల ఊపకండి, తల తిప్పనూ వద్దు. భాగించండి. పది లక్షలను మూడు వేలతో భాగిస్తే ఊరికి 333 ఎకరాలు. మన ఊరి విస్తీర్ణంతో పోల్చుకుంటే అది నమ్మదగ్గదో కాదో మీకే తెలుస్తుంది. సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి వారికి లక్షన్నర ఎకరాలని ఆయనే రాస్తారు. చదరపు కిలోమీటరుకు 247 ఎకరాలు, అంటే ఆరు వందల చదరపు కిలోమీటర్ల పైన. దాన్ని ఒక పటం మీద ఇరవై ఐదు కిలోమీటర్ల పొడవు, ఇరవై ఐదు వెడల్పుతో గీసి చూడండి. అప్పుడు ‘లక్షన్నర’ అన్న మాట కళ్లకు కడుతుంది.

రావి నారాయణరెడ్డి గారి విషయంలో 1952 ఎన్నిక ముచ్చట అందరికీ తెలుసు, నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని. వచ్చినవి 3,09,162. ఇక్కడ ఒక చిన్న సంగతి కలుపుకోవాలి. అప్పటి నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఓటరుకు రెండు ఓట్లు. రెండో స్థానం నుంచి సుంకం అచ్చాలు గారు గెలిచారు. ఈ మాట వినగానే ‘అయితే ఆ రికార్డుకు విలువ లేదు’ అనేవాళ్లుంటారు. నెహ్రూ గారు నిలబడిన అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ నియోజకవర్గమూ ఇద్దరు సభ్యులదే. కాబట్టి పోలిక నిలుస్తుంది. అయితే ఇప్పటి ఒక్క సభ్యుడి నియోజకవర్గాల మెజారిటీలతో దాన్ని పోల్చడం మాత్రం కుదరదు. మనవాడి గొప్ప చెప్పుకునేటప్పుడు కూడా కొలత సరిగ్గా ఉండాలి, అప్పుడే ఎదుటివాడు దాన్ని తీసేయలేడు.

‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. పై రెండు పుస్తకాల్లో నాయకులు మాట్లాడతారు, ఇందులో ఆడవాళ్లు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ, కమలమ్మ, జమాలున్నీసా బాజీ. ఇది చదవడానికి వేరే తీరు కావాలి. చెప్పినవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుని చెప్పారు. తేదీలు ముందువెనకలవుతాయి, ఒక ఊరి పేరు ఇంకో ఊరికి అంటుకుంటుంది. అలాంటి చోట సుందరయ్య గారి పుస్తకం తీసి తేదీ సరిచూసుకోండి, అంచున రాసుకోండి, అంతే. దాన్ని పట్టుకుని ఆ మనిషి మాటనే కొట్టేయకండి. తేదీ మరచిన మనిషి ఏం మరచిపోలేదో చూడండి. ఆ రోజు ఏం వండారు, ఎవరింట్లో దాగారు, పిల్లను ఎవరికి ఇచ్చారు, ఇవి మరచిపోరు. కమలమ్మ అడవిలో ఉండగా పసికందును ఇతరులకు ఇచ్చేయాల్సి వచ్చిన సంగతి ఈ పుస్తకంలో ఉంది. ఆమె తల్లి గడీలో ఆడబాప. అంటే దొరల ఇంటికి బతుకంతా అంకితమై పోయిన దాసి. దళ జీవితం గురించి నాయకులు రాసిన అధ్యాయాలు చదివి, ఆ వెంటనే కమలమ్మ మాటలు చదవండి. అక్కడ ‘దళాలు తరలిపోయాయి’ అన్న రెండు ముక్కల వెనక ఒక తల్లి ఉన్నట్టు మనకు తెలుస్తుంది. ఈ ఐదింట్లో నన్ను ఎక్కువ కుదిపింది ఇదే, దాచుకోను.

చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. మౌఖిక చరిత్రలో ప్రశ్న అడిగినవారు కూడా సగం రచయితలే. జవాబు ఎక్కడ మలుపు తిరిగిందో చూసి, అక్కడ ఏం అడిగి ఉంటారో ఊహించి అంచున రాయండి.

సురవరం వారి పుస్తకం చివరికి ఉంచాను, ఎందుకంటే ఈ చదివే పద్ధతికి గురువు ఆయనే. సొంతూరు ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. పుస్తకం 1949లో వచ్చింది, తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దీనికే దక్కింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాల్లోంచి ఏరి పెట్టారు. పాల్కురికి సోమనాథుడి నుంచి ‘క్రీడాభిరామం’, ‘ఆముక్తమాల్యద’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ దాకా వెతికారు. నిఘంటువు తీస్తే ఆట పేరు ఎదురుగా ‘క్రీడావిశేషము’ అని, పిండివంట ఎదురుగా ‘భక్ష్యవిశేషము’ అని ఉంటుంది. ఏ ఆట, ఎట్లా ఆడతారు అన్నది ఉండదు. ఆయన అక్కడ ఆగకుండా ఊళ్లలో వాడుకను ఆధారం చేసుకుని అర్థం తేల్చే ప్రయత్నం చేశారు.

ఈ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరుసగా చదివితే వంద పేజీల్లోపే అలసిపోతారు. అధ్యాయాలు కాలం వారీగా ఉన్నాయి. మీరు ఒక అంశం పట్టుకోండి, బట్ట కానీ, తిండి కానీ, నీటిపారుదల కానీ. అన్ని అధ్యాయాల్లో దాన్ని మాత్రమే వెతుక్కుంటూ పోండి. రెండోసారి ఇంకో అంశం. ఎక్కడైతే ఆయన నిర్ణయం మీకు తొందరపాటుగా అనిపిస్తుందో, ఆ పద్యం ఏ కావ్యంలోదో చూసి మూలం తెరవండి. కొన్నిచోట్ల కవి వర్ణన కోసం పోగేసిన జాబితాను ఆయన నిజంగా ఉన్న వస్తువుల పట్టీగా తీసుకున్నారనిపిస్తుంది. అలా అనిపించడం తప్పు కాదు, ఆ పుస్తకం కోరుకునే పాఠకుడు అటువంటివాడే. పుట సంఖ్యలు రాసుకునేటప్పుడు ముద్రణ సంవత్సరం కూడా రాయండి. ఈ పుస్తకం ఎన్నోసార్లు అచ్చయింది, ఒకరి 120వ పేజీ ఇంకొకరికి 140 అవుతుంది. అధ్యాయం పేరు రాసుకుంటే ఎప్పటికీ దొరుకుతుంది.

ఒక వెలితి చెప్పాలి. పై ఐదింట్లో ఎక్కువ వాటిలో నల్లగొండ నిండుగా ఉంది, పాలమూరు పలచగా ఉంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాల రాజ్యం వేరు తీరు. అక్కడి రైతు సంగతి, వలస పోయి ప్రాజెక్టుల కట్టల మీద మట్టి మోసిన పాలమూరు కూలీ సంగతి, కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు సంగతి నాగు అంత వివరంగా రాసిన పుస్తకం కోసం ఇప్పుడు వెతుకుతున్నాను.

అందాక చేయగల పని ఒకటుంది. సురవరం వారే 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను ఒకచోట చేర్చారు. దాన్ని తీసుకుని, ఇందాక చెప్పిన నాలుగు గీతల కాగితం అంటించండి. కవి పేరు, ఊరు, అప్పటి తాలూకా లేదా సంస్థానం, ఇప్పటి మండలం. మన నల్లగొండ, పాలమూరు పాత జిల్లాల కవులను మాత్రమే ఏరండి. రోజుకు పదిమంది చొప్పున ముప్పై ఆరు రోజుల్లో సంచిక మొత్తం జల్లెడ పట్టవచ్చు. పట్టీ తయారయ్యాక ఒక నకలు ఈ గ్రంథాలయంలో ఇవ్వండి. ఊరి పేరు పోల్చుకోలేని చోట ఖాళీ వదిలేయండి, ఊహించి నింపవద్దు. ఆ ఊరివాళ్లు ఎవరో ఒకరు ఇక్కడికి పేపరు చదవడానికి వస్తారు, వాళ్లు నింపుతారు.